‘పాతదే బాగుండేది’ గారికి

అయ్యా,

విశాఖపట్నంలో మీకు సొంతిల్లు లేదు గానీ ప్రతి ఇంట్లోనూ ఒక మంచం ఉంది. బీచ్ రోడ్డులో ముంత మసాలా పొట్లం చేతికి రాకముందే మీరొచ్చేస్తారు. కైలాసగిరి ఎక్కినా మీరే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊళ్లో చెట్లను ఏం చేసిందో చూసినవాణ్ని కాబట్టి అక్కడ మాత్రం మీతో పేచీ పెట్టుకోను. నా గొడవల్లా ది క్యూర్ అనే ఇంగ్లండు బ్యాండు గురించి.

నేనూ మావాడూ వాళ్ల రికార్డులు వచ్చిన వరసలోనే వినాలనుకున్నాం. బనియన్ ఒంటికి అంటుకుపోయే ఉక్కపోతలో, ఫ్యాన్ కింద, చలి పుట్టించే పాటలు. 1979 నాటి మొదటి రికార్డు అట్ట మీద మనుషులే లేరు. ఒక ల్యాంపు, ఒక ఫ్రిజ్, ఒక వాక్యూమ్ క్లీనర్. పాటలూ అలాగే పొడిపొడిగా ఉంటాయి. మరుసటేడు సెవెన్టీన్ సెకండ్స్. సైమన్ గాలప్ బేస్ గిటార్ పట్టాడు, వాయిద్యాల మధ్య ఖాళీ పెరిగింది. ‘ఎ ఫారెస్ట్’ చివర్లో మిగతావన్నీ వెళ్లిపోయాక, చీకట్లో దారి తప్పినవాడిలా బేస్ ఒక్కటే మోగుతుంది. నాకు ఒళ్లు జలదరించింది. మావాడి నోట మీరు పలికారు: “మొదటిదే బాగుండేది.”

1981లో ఫెయిత్. అట్ట మీద పొగమంచు, పాటల నిండా మంచు. “ఏంట్రా ఈ ఏడుపు, సెవెన్టీన్ సెకండ్సే బాగుండేది.” 1982 రికార్డు పేరు ఇంట్లో పైకి చదవలేను. డ్రమ్ములు గోడలు కూల్చినట్టు ఉంటాయి. “ఫెయిత్‌లో ప్రశాంతత ఉండేది.” అయ్యా, పోయిన వారం ఏడుపు ఈ వారం ప్రశాంతత ఎలా అయింది? 1983లో ‘ది లవ్‌క్యాట్స్’ పాటతో వాళ్ల గాయకుడు రాబర్ట్ స్మిత్ కాస్త సరదా పడ్డాడో లేదో, “ఏడుపే బాగుండేది” అన్నారు!

1989లో డిసింటిగ్రేషన్. పాత మంచూ, మధ్యలో నేర్చుకున్న పాప్ రాగాలూ కలిసి, డెబ్బై నిమిషాల పైన అలల మీద అలలుగా వచ్చే కీబోర్డులు. అందులోని ‘లవ్‌సాంగ్’ అమెరికాలో రెండో స్థానం దాకా వెళ్లింది. మీరు రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత 1992 నాటి ‘ఫ్రైడే ఐయామ్ ఇన్ లవ్’ వినగానే లేచి కూర్చుని, డిసింటిగ్రేషన్‌కి పట్టాభిషేకం చేసేశారు.

ఆ తర్వాతవి చెప్పను, ప్రతిదానికీ మీది అదే మాట. 2008 తర్వాత పదహారేళ్లు ఆగి, 2024 నవంబరు 1న కొత్త రికార్డు వచ్చింది. మొదటి పాటలో గొంతు వినపడటానికే మూడు నిమిషాల పైన పడుతుంది. రెండో నిమిషంలోనే మీరు దిగిపోయారు.

నిజం చెప్పొద్దూ, నిన్న బీచ్‌లో మూడో గుప్పెడు ముంత మసాలాకి నా నాలుక చివరికీ వచ్చారు. పచ్చిమిరపకాయతో కలిపి మింగేశాను. ఇంకా మండుతున్నారు.

ఇట్లు,
మీ పాత పరిచయస్తుడు