ఇమ్యూనిటీ కషాయంతో నెలలు నిండవు

విశాఖలో గాజువాక నుంచి మధురవాడ దాకా గర్భిణుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: ‘కడుపులో బిడ్డకు ఇమ్యూనిటీ సున్నా. తల్లి ఇమ్యూనిటీ తగ్గితే కాన్పు ముందే అయిపోతుంది. ఏడో నెల నుంచి తిప్పతీగ, పసుపు, మిరియాల కషాయం రోజూ తాగితే నెలలు నిండుతాయి. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు.’

‘సున్నా’ అన్న మాట దగ్గరే లెక్క తప్పింది. మూడో నెల దాటేసరికే బిడ్డ ఛాతీలోని థైమస్ గ్రంథిలో టి కణాలు, అంటే రోగాలతో పోరాడే తెల్లరక్త కణాలు, తయారవుతుంటాయి. తల్లి కణాలు కొన్ని మాయ దాటి బిడ్డ లింఫ్ గ్రంథుల్లో చేరతాయి. బిడ్డకు తల్లి జన్యువుల్లో సగమే వస్తాయి కదా, ఆ లెక్కన అవి పరాయి కణాలే. అయినా బిడ్డ వాటి మీద తిరగబడదు. నియంత్రణ టి కణాలను పుట్టించుకుని తన దాడిని తానే ఆపుకుంటుందని 2008లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. అంటే బిడ్డకు శక్తి ఉంది, దానికి కళ్లెమూ ఉంది. బిడ్డకు నిజంగా తక్కువపడేది తల్లి నుంచి అందే ఐజీజీ యాంటీబాడీలు, అంటే రక్తంలోని రక్షక ప్రోటీన్లు. అవి ఎక్కువగా 28 వారాల తర్వాతే మాయ దాటతాయి. ముందే పుట్టిన బిడ్డకు ఇన్ఫెక్షన్లు తొందరగా సోకడానికి అదొక కారణం. ఆ బిడ్డకు ముర్రుపాలు ఒక్క చుక్క కూడా వృథా చేయొద్దని నర్సులు గట్టిగా చెప్పేది అందుకే.

ఇక ‘తల్లి ఇమ్యూనిటీ తగ్గితే’ అన్న మాట. 2018లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, నొప్పులు ముందే వచ్చి పుట్టిన బిడ్డల బొడ్డుతాడు రక్తం పరీక్షించారు. అందులో కొన్ని టి కణాలు అప్పటికే మేలుకుని, తల్లి కణాలను పరాయివిగా గుర్తుపడుతున్నాయి. అవి విడుదల చేసే టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయన సంకేతాలు తగలగానే ప్రయోగశాలలో గర్భాశయ కండర కణాలు ముడుచుకున్నాయి. ఇక్కడ తగ్గినది ఏమీ లేదు, రేగినదే ఉంది. అలాగని ప్రతి ముందస్తు కాన్పుకూ ఇదే కారణం అనుకోకూడదు. కవలలు, బీపీ, పొట్టి గర్భాశయ ముఖద్వారం, గతంలో ఓసారి నెల తక్కువ కాన్పు కావడం, ఇవన్నీ కారణాలే. తల్లిని నిందించడానికి వీటిలో ఏదీ పనికిరాదు.

కాబట్టి రేగినదాన్ని ఇంకా ‘పెంచే’ కషాయం ఏ రకంగానూ మందు కాదు. చారులో పసుపు, మిరియాలు వేసుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. తిప్పతీగ అలా కాదు, దానితో కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. కషాయం బదులు చేయాల్సిన పని ఒక సీసాలో పడుతుంది: యూరిన్ కల్చర్, అంటే మూత్రంలో బ్యాక్టీరియా ఉందేమో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. ఆ ఇన్ఫెక్షన్ ముదిరితే నొప్పులు ముందే రావచ్చు. లక్షణాలేవీ లేకున్నా మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతుండవచ్చు, మామూలు స్ట్రిప్ పరీక్షకు అది దొరక్కపోవచ్చు. ముందు శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధారను ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ (క్రిములు లేని) సీసాలో పట్టాలి. రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి. విశాఖ ఎండలో సీసా బ్యాగులో నాలుగు గంటలు ఉంటే రిపోర్టు నమ్మదగ్గది కాదు. స్కాన్‌లో 24 వారాల్లోపు ముఖద్వారం పొడవు 25 మిల్లీమీటర్ల కన్నా తక్కువ ఉంటే గర్భాన్ని నిలిపే హార్మోన్ ప్రొజెస్టెరాన్ గురించి డాక్టరుగారిని అడగండి.

ఎనిమిదో నెల భయానికి రెండు ముక్కలు చాలు. కడుపులో గడిచే ప్రతి వారం ఊపిరితిత్తులకు లాభమే. 34 వారాల (ఎనిమిదో నెల) బిడ్డ పరిస్థితి 30 వారాల (ఏడో నెల) బిడ్డ కన్నా చాలా మెరుగు.

37 వారాలు నిండకముందు పొత్తికడుపు పది నిమిషాలకోసారి గట్టిపడుతున్నా, ఉమ్మనీరు కారుతున్నా, రక్తం కనపడినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. నీరు కారుతోందో లేదో తేల్చుకోలేకపోతే శుభ్రమైన ప్యాడ్ పెట్టుకుని బయల్దేరండి. దాని తడి, రంగు, వాసన డాక్టరుకు చాలా చెబుతాయి. 24 నుంచి 34 వారాల మధ్య కాన్పు ముంచుకొస్తుంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 6 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ 12 గంటలకోసారి, మొత్తం నాలుగు ఇస్తారు. ఏజెన్సీలోని పాడేరు నుంచి విశాఖకు ఘాట్ దిగి రావడానికే గంటలు పడుతుంది కాబట్టి తొలి డోసు బయల్దేరే ముందు అక్కడే పడేలా చూడండి. రిఫర్ చేసే ముందు ఏఎన్ఎం కూడా ఇవ్వవచ్చని కేంద్ర మార్గదర్శకాలు ఉన్నాయి. ఎన్ని గంటలకు ఇచ్చారో రిఫరల్ చీటీ మీద రాయించుకోండి. విశాఖలోని కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనైనా, ఘోషాసుపత్రిలోనైనా రెండో డోసు టైము ఆ అంకె చూసే లెక్కేస్తారు.