పట్టు కుదిరిన ఆదివారం

నిన్నటి సంగతి ఇది. చెప్పుకుంటే పరువు తక్కువ. చెప్పకపోతే మా బావమరిది తన పద్ధతిలో చెప్పేస్తాడు. అందుకని ముందుగా నేనే రాసేస్తున్నాను.

విశాఖలో ఉండే మా పై ఆఫీసరుకు గోల్ఫ్ పిచ్చి. ఆయనతో ఆడేవాళ్ల ఫైళ్లు ఎందుకో చకచకా కదులుతాయి. బెంగళూరులో ఉన్న మా బావమరిది కొత్త సెట్టు కొనుక్కుని, పాత డ్రైవరు నాకు బహుమతిగా పంపి, పార్సిలు ఖర్చు నా దగ్గరే వసూలు చేశాడు. డ్రైవరంటే మనిషి కాదు, పొడుగాటి కర్ర. ఆడటానికి శ్రీకాకుళంలో మా వీధి చివర పచ్చిక మైదానమేమీ లేదు గానీ, ఎండాకాలం నాగావళి ఉంది. గోల్ఫులో ఆటగాణ్ణి ఏడిపించడానికి అక్కడక్కడా ఇసుక గుంటలు తవ్వి బంకర్లంటారు. మాకు ఏరంతా బంకరే.

నా జబ్బు పేరు స్లైస్. కొట్టిన బంతి బుద్ధిగా బయల్దేరి, సగం దూరంలో ఇంట్లో గ్యాసు కట్టేయడం మరిచిపోయినట్టు కుడివైపుకి తిరిగిపోతుంది. నెల రోజులుగా ఇదే వరస. ఈ జిల్లాలోనే ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరిగారు 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. నేను 46 గ్రాముల బంతిని తిన్నగా పంపలేకపోతున్నాను.

నిన్న పొద్దున్న ఫోను చెప్పుకి ఆనించి, వీడియోలో బావమరిదికి చూపించాను.

“ఎడమచెయ్యి చూడు బావా. ఎన్ని కణుపులు కనిపిస్తున్నాయి?”

“ఒకటి.”

“అదే రోగం. గునపం పట్టుకున్నట్టు పట్టుకున్నావు. కర్ర మొహం బంతికి తగిలేసరికి తెరుచుకుపోతోంది. రెండు చేతులూ కాస్త కుడివైపుకి తిప్పు. రెండు మూడు కణుపులు కనబడాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వి ఆకారం వస్తుంది కదా, అది కుడి భుజాన్ని చూడాలి.”

తిప్పాను. చెయ్యి నాది కానట్టుంది. తర్వాత బంతి సంగతి. నేను దాన్ని ఎడమకాలి బొటనవేలికి జానెడు ముందు పెడుతున్నాను, ముందున్నది ముందుకే పోతుందన్న లెక్కతో. అంత ముందుకుంటే అందుకోబోయి భుజాలు ఎడమకు తిరిగిపోతాయట, కర్ర బయట నుంచి లోపలికి కొడవలిలా కోస్తుందట. ఎడమ మడమకు ఎదురుగా, రవ్వంత లోపలికి పెట్టమన్నాడు. పెట్టాను.

ఇంత చెప్పినవాడు ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ముక్క దగ్గరికి వస్తాను.

బంతి ఎలాగూ కుడికే పోతుంది కాబట్టి నేను నెల రోజులుగా ఎడమకి తిరిగి నిలబడుతున్నాను. కుడివైపు నీటి మడుగు, అందులో నాలుగు గేదెలు. వాటికి తగలకుండా లెక్క వేసుకుంటాను. ఎడమవైపు ఎవరున్నారో ఎప్పుడూ చూడలేదు. నా బంతి అటు పోదు. భూమ్మీద అంతకంటే క్షేమమైన చోటు లేదు.

నిన్న అక్కడ ఎవరిదో పదో రోజు జరుగుతోంది.

పోయినాయన పండు ముసలాయన కాబట్టి ఏడుపులేమీ లేవు, ఆకలి మాత్రం ఉంది. ఆకులో పిండం పెట్టి దూరంగా నిలబడి గంటన్నర అయిందట. ఎదురుగా తుమ్మచెట్టు మీద బొంతకాకి. దిగదు. ముసలాయనకి ఏదో కోరిక మిగిలిపోయిందని అందరూ తలో మాటా ఇస్తున్నారు. చిన్నకొడుకు పెళ్లి చేస్తామన్నారు. కాకి రెక్క గోక్కుంది. రోడ్డు పక్క పొలం అమ్మమన్నారు. అటు తిరిగి కూర్చుంది. పెద్దల్లుడు తనకివ్వాల్సిన స్కూటరు ఇక అడగనని గట్టిగా ఒట్టేశాడు. దానికీ లాభం లేదు. పంతులుగారు వాచీ చూసుకుంటున్నారు, ఆయనకి ఇంకెక్కడో పన్నెండు గంటల ముహూర్తం.

ఇక్కడ నేను కర్ర ఎత్తాను.

ఆ చప్పుడు వేరు. నెలలో మొదటిసారి ‘టక్’మని శుభ్రంగా మోగింది. బంతి లేచింది. వంకర లేదు, వయ్యారం లేదు. ఎటు గురిపెట్టానో అటే పోతోంది. “చూశావా బావా!” అని ఫోన్లోంచి కేక. నేనూ చూస్తున్నాను. ఎటు గురిపెట్టానో అప్పుడే గుర్తొచ్చింది.

పిండానికి బెత్తెడు దూరంలో ఇసుకలో సగం దిగబడి ఆగింది. ఇలా దిగబడిన బంతిని గోల్ఫోళ్లు ఫ్రైడ్ ఎగ్ అంటారట. ఆ సంగతి అక్కడున్న పెద్దకోడలికి తెలిసే వీల్లేదు, అయినా “ఓలమ్మో, గుడ్డు!” అంది. ఒక్క క్షణం అందరూ నోళ్లు తెరిచారు. తర్వాత ఓ ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “మా మావకి గుడ్డంటే పేనం. డాక్టరు మానిపించేసినాడు. ఆరేళ్లయింది తిని,” అంది.

కాకి దిగింది.

పిండం వైపు కన్నెత్తి చూడలేదు. బంతి చుట్టూ రెండుసార్లు నడిచి, ముక్కుతో పొడిచి, ఇసుకలోంచి పెరికి, నోరంతా తెరిచి పట్టుకుని ఎగిరింది. మూడు బంతుల డబ్బాలో అదే ఆఖరుది. పంతులుగారు ఆకాశంలోకి చూసి, ఆకులోకి చూసి, వాచీలోకి చూసి, “ముట్టింది. స్నానాలు కానివ్వండి,” అన్నారు.

నేను కర్ర వెనక దాచుకున్నాను. నాలుగడుగుల కర్ర ఎక్కడ దాగుతుంది? ఇవతల చెప్పుకి ఆనించిన ఫోన్లో మావాడు నవ్వలేక చస్తున్నాడు. జంతువులో పక్షులో బంతి ఎత్తుకుపోతే పెనాల్టీ ఉండదట, ఉన్నచోటే ఇంకోటి పెట్టి కొట్టుకోవచ్చట. ఉన్నచోటంటే పిండం పక్కన. మరి గురి మార్చుకోమని ముందు ఎందుకు చెప్పలేదురా అంటే, “పట్టు మారితే గురి మార్చుకోవాలి కదా, అది బేసిక్ బావా,” అన్నాడు. నాకు చేతులు తిప్పడం నేర్పినవాడికి మెడ తిప్పమని చెప్పడానికి నోరు రాలేదు! పైగా ఇంటికెళ్లేలోపు ఫ్యామిలీ గ్రూపులో ‘బావ తొలి బర్డీ’ అని వీడియో పెట్టేశాడు. లెక్కకంటే ఒక దెబ్బ తక్కువలో బంతిని గుంటలో వేస్తే దాన్ని బర్డీ అంటారట. మా అత్తగారు దండం బొమ్మ పెట్టారు. దేనికో అడగలేదు.

ఈలోగా తలకి తడి తువ్వాలు చుట్టుకున్న పెద్దకొడుకు తిన్నగా నా దగ్గరికే నడిచొచ్చాడు. కొడతాడనుకున్నాను. కర్ర వైపు చూశాడు, ఖాళీ డబ్బా వైపు చూశాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“బంతని నాకు తెలుసు బాబూ. ఆడోళ్లకి సెప్పకండి,” అన్నాడు. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కొచ్చాడు. “మాసికం వచ్చే నెల అయ్య పోయిన తిథికి. ఆదివారం కాకపోయినా వస్తారేటి?”