బిడ్డ నీలంగా మారితే దుప్పటి కప్పి ఊరుకోకండి

కొన్నాళ్లుగా వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. సారాంశం ఇది: పసిబిడ్డ నీలంగా కనిపిస్తే చలి తగిలినట్టే, వెచ్చగా చుట్టి ఒళ్లు రుద్దితే సర్దుకుంటుంది. పెద్దవాళ్ల పెదవులు, గోళ్లు నీలంగా మారితే ఒంట్లో రక్తం తక్కువైనట్టు, ఐరన్ మాత్రలు చాలు. ఒంట్లో నీలం లేకపోతే, లేదా ఆక్సిమీటర్ (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పరికరం) బాగానే చూపిస్తే టెన్షన్ అక్కర్లేదు. చదివితే ధైర్యంగానే ఉంటుంది. కానీ ఆ ధైర్యంతో ఇంట్లో కూర్చుంటే చేజారిపోయే బిడ్డలున్నారు.

ముందు చలి సంగతి. ఇందులో కొంత నిజం ఉంది, జనం నమ్మేది కూడా దానివల్లే. పుట్టిన ఒకటి రెండు రోజులు చాలామంది బిడ్డలకు అరచేతులు, అరికాళ్లు నీలంగా ఉంటాయి. నోరు గులాబీ రంగులో ఉండి, బిడ్డ చక్కగా పాలు తాగుతుంటే దానికి వైద్యం అవసరం లేదు. మెసేజ్ రాసినవాళ్లు వదిలేసింది నాలుకను. చలికి చేతులూ కాళ్లూ రంగు మారతాయి గానీ, నోటి లోపల ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది. నాలుక, చిగుళ్లు, పెదవుల లోపలి వైపు నీలంగా ఉన్నాయంటే గుండె నుంచి బయల్దేరే రక్తంలోనే తేడా ఉంది, చాలాసార్లు అది ఆక్సిజన్ లోటు. దాన్ని దుప్పటి బాగుచేయలేదు. ఒంటి రంగు ముదురుగా ఉన్నవాళ్లలో చర్మం చూసి చెప్పడం కష్టం కాబట్టి, వాళ్లకు ఈ నాలుక పరీక్ష మరీ ముఖ్యం. మంచి వెలుతురులో చూడాలి.

బిడ్డ ఏడ్చేటప్పుడు రంగు ఎటు మారుతోందో కూడా గమనించండి. ఏడ్చే కొద్దీ నీలం పెరిగితే గుండె జబ్బును అనుమానిస్తారు. అదే, ఏడిస్తే ఎర్రబడి, నోరు మూయగానే మళ్లీ నీలంగా మారితే ముక్కు వెనక దారి మూసుకుపోయి ఉండొచ్చు. ఏడ్చినప్పుడు నోటితో గాలి పీల్చుకుంటుంది కాబట్టే ఆ తేడా. మూలుగుతూ, పక్కటెముకలు లోపలికి లాగుతూ కష్టంగా ఊపిరి తీస్తుంటే ఊపిరితిత్తుల వైపు చూస్తారు. ఇవి అనుమానానికి దారులు మాత్రమే, గుండె జబ్బును తేల్చేది ఎకో పరీక్ష (గుండె స్కాన్).

గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద రక్తనాళాలు తారుమారుగా పుట్టిన బిడ్డ మొదట్లో మామూలుగా అనిపించవచ్చు. కడుపులో ఉన్నప్పటి ఒక చిన్న నాళం ఇంకా తెరిచి ఉండి కాపాడుతుంది. ఆ నాళం కొద్ది రోజుల్లో మూసుకుపోతుంటే పరిస్థితి ఒక్కసారిగా విషమిస్తుంది. ప్రోస్టాగ్లాండిన్ అనే మందు ఎక్కిస్తే అది తెరుచుకుని ఉంటుంది, ఆపరేషన్‌కు వ్యవధి దొరుకుతుంది. వెచ్చగా చుట్టి ఎదురుచూసే గంటలు ఈ వ్యవధిలోంచే పోతాయి. ఇందుకే బిడ్డకు 24 గంటలు నిండాక కుడిచేతికి, ఒక కాలికి పల్స్ ఆక్సిమీటర్ పెట్టి చూస్తారు. ఎక్కడైనా 90 శాతం కంటే తక్కువ వస్తే ఆగకుండా తదుపరి పరీక్షలకు వెళ్తారు. పుట్టిన తొలి నిమిషాల్లో మాత్రం అంకె తక్కువగా ఉండటం సహజం, 85 దాటడానికి పది నిమిషాలు పట్టవచ్చు. నీలం బిడ్డలకు 1944లోనే అమెరికాలోని బాల్టిమోర్‌లో సర్జన్ ఆల్ఫ్రెడ్ బ్లేలాక్, పిల్లల గుండె డాక్టర్ హెలెన్ టాసిగ్, ల్యాబ్ సహాయకుడు వివియన్ థామస్ కలిసి ఆపరేషన్‌కు దారి వేశారు. ఇవాళ సకాలంలో తీసుకెళ్తే బతికే అవకాశాలు చాలా మెరుగ్గా ఉన్నాయి.

ఇక రక్తం తక్కువైతే నీలం అనే మాట పూర్తిగా తలకిందులు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ చర్మం కింది సన్నని నాళాల్లో డెసిలీటరుకు దాదాపు 5 గ్రాములకు చేరితే నీలం కంటికి కనిపిస్తుంది. హిమోగ్లోబిన్ 15 ఉన్న మనిషిలో అది మూడో వంతు. 6 ఉన్న మనిషిలో దాదాపు మొత్తం. అంటే రక్తహీనత నీలాన్ని దాచేస్తుంది. ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయినా ఆ మనిషి పాలిపోయి ఉంటాడు తప్ప నీలంగా కనిపించకపోవచ్చు. "నీలం లేదు కాబట్టి భయం లేదు" అన్నదీ ఇక్కడే వీగిపోతుంది.

పెద్దవాళ్లలో అసలు కారణాలు న్యుమోనియా, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, గుండె వైఫల్యం, ఊపిరితిత్తుల నాళంలో రక్తం గడ్డ వంటివి. చలికి వేళ్లు తెల్లబడి, నీలమై, ఆపై ఎర్రబడితే అది రేనాడ్స్ అనే వేళ్ల నాళాలు బిగుసుకునే సమస్య, వేరే కథ. ఒక్క కాలో చెయ్యో మాత్రమే హఠాత్తుగా చల్లబడి నీలమై నొప్పి పెడితే రక్తనాళం పూడుకుపోయి ఉండొచ్చు, వెంటనే వెళ్లాలి.

ఆక్సిమీటర్ మాట మిగిలింది. మంచి పరికరమే, కానీ దానికీ పరిమితులున్నాయి. ముదురు రంగు చర్మం మీద ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. కార్బన్ మోనాక్సైడ్ పీల్చినవాళ్లలో అంకె మామూలుగానే వస్తుంది. మెథిమోగ్లోబిన్ (ఆక్సిజన్‌ను మోయలేని రూపంలోకి మారిన హిమోగ్లోబిన్) పెరిగినప్పుడు 85 దగ్గరే ఆగిపోతుంటుంది, ఆక్సిజన్ పెట్టినా నీలం తగ్గదు, తీసిన రక్తం చాక్లెట్ రంగులో ఉంటుంది. కుష్టు వంటి జబ్బులకు వాడే డాప్సోన్ మాత్రలు, నోటికి రాసే బెంజోకైన్ మత్తు జెల్, నైట్రేట్ ఎక్కువున్న బావినీళ్లతో పసిబిడ్డకు కలిపిన పాలపొడి దీనికి తెలిసిన కారణాలు. హిమోగ్లోబిన్ రకాలను విడివిడిగా కొలిచే కో-ఆక్సిమీటర్‌తో చేసే రక్తపరీక్షలోనే ఇది తేలుతుంది. విరుగుడు మెథిలిన్ బ్లూ అనే మందు, అయితే జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్) లోపం ఉన్నవాళ్లకు అది ప్రమాదం.

నాలుక నీలమైనా, బిడ్డ పాలు మానేసినా, ఊపిరికి కష్టపడుతున్నా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. నీలం వచ్చిపోతుంటే, వీలైతే వెళ్లే దారిలో ఫోన్‌లో వీడియో తీయండి. ఎప్పుడు మొదలైంది, ఏడుపుతోనా పాలు తాగుతుంటేనా, ఒంటి మీద ఎక్కడెక్కడ, ఏ మందులు వాడారు, పాలపొడి ఏ నీళ్లతో కలిపారు అన్నవి డాక్టర్ అడగకముందే చెప్పండి.