ప్యానెల్ వచ్చింది సరే, టీచరుకు తీరికేది?

ప్రభుత్వ టీచర్లకు టెక్నాలజీ రాదన్న మాట విద్యాశాఖ సమీక్షల్లో ఎప్పుడూ వినపడేదే. అందుకు విరుగుడుగా మండలానికో శిక్షణ పెడతారు. ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేసి సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయమంటారు. చేయనివాళ్ల పేర్లు వాట్సాప్ గ్రూపులో పడతాయి. అంతటితో టీచరు ఎదిగినట్టు లెక్క. కర్నూలు, అనంతపురం, కడప బడుల్లో తిరిగితే మాత్రం వేరే సంగతి కనిపిస్తుంది. ఫోన్ వాడటం రాని టీచరు ఇప్పుడు దాదాపు లేరు. పొద్దున బడిలో అడుగు పెట్టిన దగ్గర్నుంచి వాళ్ల చేతిలో ఉండేది ఫోనే. దాన్ని పాఠానికి వాడుకునే తీరిక లేదు, పక్కన కూర్చుని నేర్పే తోడు లేదు. ఆ తీరికను మింగేసింది కూడా టెక్నాలజీయే.

నేపథ్యం అందరికీ తెలిసిందే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం 2019లో మొదలైంది. తర్వాత హైస్కూల్ తరగతి గదులకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు (వేలితో తాకి నడిపే పెద్ద తెరలు), ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ అనే బెంగళూరు కంపెనీ పాఠాలు నింపిన ట్యాబ్‌లు ఇచ్చారు. ఆ కంపెనీ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఈలోగా ప్రభుత్వమూ మారింది. ఎవరు తెచ్చారు, ఎంతకు కొన్నారు అన్న తగవు పార్టీలకు వదిలేద్దాం. గోడకు ప్యానెల్ ఉంది, ముందు అరవై మంది పిల్లలున్నారు, మధ్యలో టీచరు ఏం చేస్తున్నారన్నదే అసలు విషయం.

కర్నూలు జిల్లా కౌతాళం వైపు ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే మేడం ఉన్నారు. సర్వీసు ఇరవై ఏళ్లు దాటింది. ప్యానెల్ వచ్చిన కొత్తలో ఆమె చేసిందీ అందరూ చేసిందే. వీడియో పెట్టడం, అది ఆడుతున్నంతసేపూ పక్కన నిలబడి ఫోన్లో ఎంట్రీలు చేసుకోవడం. వీడియోలో గొంతు ఇంగ్లీషు. పుస్తకం ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. నది దాటితే కర్ణాటక కాబట్టి తరగతిలో కొందరి ఇంటి భాష కన్నడం. పిల్లలు కదలకుండా చూసేవాళ్లు. అయిపోయాక ప్రశ్న అడిగితే ఒక్కరూ నోరు విప్పేవాళ్లు కాదు. తనిఖీకి వచ్చినవాళ్లకు ఆ నిశ్శబ్దం బాగా నచ్చిందట!

తర్వాత ఆమె సౌండ్ తీసేశారు. బొమ్మ ఆడుతుంటే తానే మాట్లాడటం, మధ్యలో ఆపి తర్వాత ఏమవుతుందో అడగడం మొదలుపెట్టారు. ఏ శిక్షణలోనూ ఇది చెప్పలేదు. అడ్డంగా ఉన్న గొంతును తీసేయాలని ఆమెకే తోచింది. ఆపైన అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ వాళ్లు ఉచితంగా పెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు దించుకున్నారు. నెట్ లేకపోయినా నడుస్తాయి. తెర మీదే వైర్లు కలపొచ్చు, బల్బులు పెట్టొచ్చు, తీసేయొచ్చు.

పదో తరగతి విద్యుత్తు పాఠం రోజు నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ఒక బ్యాటరీ, ఒకేలాంటి రెండు బల్బులు, శ్రేణి సంధానం, అంటే ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటి. స్విచ్ వేయకముందే, ఏ బల్బు ఎక్కువ వెలుగుతుందో నోటు పుస్తకంలో రాయమన్నారామె. చాలామంది బ్యాటరీకి దగ్గరున్న బల్బు అని రాశారు. ఎందుకలా అని అడిగితే వెనక వరుసలో ఒక పిల్లవాడు లేచి, 'చివర్నుండే చేనికి నీళ్లు రావు గదా మేడం, అట్లే' అన్నాడు. తుంగభద్ర దిగువ కాలువ కింద పొలం ఉన్న ఇంటి బిడ్డ వాడు. పైవాళ్లు తోడేసుకుంటే కిందికి చుక్క రాదని ఆ ఇంట్లో రోజూ అనుకునే మాటే.

ఆమె స్విచ్ వేశారు. రెండూ ఒకేలా వెలిగాయి. తరగతి గోల గోల. కాలువలో నీటిని పొలం తాగేస్తుంది, తీగలో కరెంటును బల్బు తాగదు, దాని శక్తిని మాత్రం వాడుకుంటుంది అని అక్కడి నుంచి ఎత్తుకున్నారు. ఆ పీరియడ్ అయ్యేసరికి ఓమ్ నియమం దాకా వెళ్లారు. మర్నాడు కరెంటు పోతే ఇద్దరు పిల్లలు టార్చి బల్బులు, సెల్లు తెచ్చి అదే ప్రయోగం బెంచీ మీద చేశారని తర్వాత ఫోన్లో చెప్పారు.

నా దృష్టిలో టీచరు ఎదగడమంటే ఇది. పిల్లవాడి తప్పు ఎక్కడ పుట్టిందో పట్టుకోవడానికి ఆమె ఆ తెరను వాడారు. బెంగళూరులో తయారైన వీడియోకు దిగువ కాలువ గొడవ తెలిసే దారి లేదు. తెలియాల్సిన పని కూడా లేదు, తెలిసిన మనిషి గదిలోనే ఉన్నారు. ఈ ఎదుగుదలను కొలిచే గడి మాత్రం ఏ యాప్‌లోనూ లేదు. ఎన్ని నిమిషాలు ప్యానెల్ ఆన్‌లో ఉందో లెక్క కడితే సౌండ్ తీసేయకముందు కూడా ఆమెకు మంచి మార్కులే వచ్చేవి.

ఇంకోటి చెప్పాలి. కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు పల్లెల నుంచి ఏటా సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు, జనం గుంటూరు వైపు మిరపకోతలకు పోతారు. పిల్లల్ని చూసుకునే ముసలివాళ్లు ఇంట్లో ఉంటే సరే, లేకపోతే బిడ్డలూ వెంట పోవాల్సిందే. సీజనల్ హాస్టళ్లు పెట్టినా అందరూ ఉండరు. ఆ వైపు టీచర్లలో కొందరు లెక్క చేస్తూ తమ గొంతుతోనే చిన్న చిన్న వీడియోలు తీసి, గుడారాల్లో ఉన్న తల్లిదండ్రుల ఫోన్లకు పంపుతున్నారు. రాత్రి నాన్న ఫోన్ ఖాళీ అయ్యాక పిల్ల చూస్తుంది. పరిచయమైన గొంతు కాబట్టి చూస్తుంది. ఇది చేయమని ఏ సర్క్యులరూ రాలేదు. రాకపోవడమే మంచిదైంది. వచ్చి ఉంటే ఎన్ని వీడియోలు పంపారో సాయంత్రానికి రిపోర్టు అడిగేవాళ్లు.

మిగతా టీచర్లు ఇలా ఎందుకు చేయలేకపోతున్నారంటారా? వాళ్ల ఫోన్ ఏం పనికి అలవాటు పడిందో చూడండి. 2022 ఆగస్టులో టీచర్లకు ఫోన్లో ముఖం చూపించి వేసే హాజరు పెట్టారు. సిగ్నల్ దొరకని ఊళ్లలో టీచర్లు ఫోన్ పైకెత్తి గేటు దగ్గర నిలబడ్డ దృశ్యాలు అప్పుడు అందరూ చూశారు. అది కాక పిల్లల హాజరు, భోజనం లెక్క, గుడ్లు, చిక్కీలు, మరుగుదొడ్డి ఫోటో. ఇప్పుడు యాప్‌లన్నిటినీ 'లీప్' అనే ఒక్క యాప్‌లోకి తెచ్చారు. ఫోన్లో చోటు మిగిలింది, పని మాత్రం తగ్గలేదు. సర్వర్ పనిచేయక రెండో పీరియడ్ దాకా ఎంట్రీలతో కుస్తీ పట్టిన మనిషికి, మూడో పీరియడ్‌లో తెర ముందు ప్రయోగం చేయాలన్న ఉత్సాహం ఎక్కడి నుంచి వస్తుంది? టెక్నాలజీ అనగానే ఆ మనిషికి ముందు గుర్తొచ్చేది టెన్షనే.

నిఘా లేకపోతే టీచర్లు బడికే రారు, మరుగుదొడ్లు కంపు కొడతాయి అనేవాళ్లున్నారు. అబద్ధమేమీ కాదు. పట్నంలో కాపురముండి పదింటికి బస్సు దిగేవాళ్లను మనమూ చూశాం. హాజరు తీసుకోండి, ఎవరొద్దన్నారు? గుడ్డు లెక్కకు మాత్రం బీఎడ్ చదివిన మనిషి అక్కర్లేదు. 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్ అని ఒక ఉద్యోగే ఉన్నారు, పేరులోనే ఎడ్యుకేషన్ ఉంది. ఆ ఎంట్రీలు వాళ్లకు అప్పగిస్తే సరి.

అసలు జబ్బు బడితో మొదలైంది కాదు. కింది మెట్టు మీదున్న ప్రతివాడినీ అనుమానంతో చూడటం, ఆ అనుమానానికి ఒక యాప్ తొడగడం ఇప్పటి పాలన పద్ధతి అయిపోయింది. అంగన్‌వాడీ కార్యకర్తకు ఫోటో, ఉపాధి కూలీకి ఫోటో. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఆ రోజుల్లో జవాబుదారీతనం కోసం ఈ రాష్ట్రం ఎంచుకున్న దారి సామాజిక తనిఖీ. ఊరి జనం ముందు మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) చదివేవాళ్లు. 'నేను ఆ వారం పనికే పోలేదు, నా పేరు మీద డబ్బులెవరు తీసుకున్నారు' అని ముసలమ్మ లేచి అడిగేది. దేశమంతా వచ్చి చూసి నేర్చుకున్న పద్ధతి అది. అదే పథకంలో 2023 జనవరి నుంచి రోజుకు రెండు ఫోటోలు తప్పనిసరి చేశారు. ఊరు అడిగే ప్రశ్న పోయి సర్వర్ అడిగే ప్రశ్న వచ్చింది. సర్వర్‌కు మొహం చూపిస్తే చాలు, మాయమాటలు చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

బడినీ ఊరే అడగాలి. 2024 డిసెంబరు 7న మెగా తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కడప మునిసిపల్ హైస్కూలుకు వచ్చారు. ముగ్గులు, ఫోటోలు, ప్రసంగాలు అన్నీ అయ్యాయి. ఆ రోజున తల్లిదండ్రుల్ని తరగతి గదిలో కూర్చోబెట్టి ఒక పాఠం చూపించి ఉంటే టీచరు చేస్తున్నదేమిటో, ప్యానెల్ దేనికి పనికొస్తోందో వాళ్లే తేల్చేవాళ్లు. చదువురాని తల్లి కూడా తన బిడ్డ నోరు విప్పిందో లేదో పోల్చుకుంటుంది.

ఇక తోడు సంగతి. 16,347 టీచరు పోస్టుల మెగా డీఎస్సీ 2025లో ముగిసింది. అందులో అన్ని జిల్లాల్లోకీ ఎక్కువ పోస్టులు ఉమ్మడి కర్నూలు జిల్లాకే పడ్డాయి. పశ్చిమ మండలాల ఖాళీలు అలాంటివి. అనుభవం వచ్చినవాళ్లు బదిలీ మీద కర్నూలు, నంద్యాల చుట్టుపక్కలకు చేరతారు, కొత్తవాళ్లు హొళగుంద, కౌతాళం వైపు పడతారు. ఈ పిల్ల టీచర్లకు ఫోన్ చేతివేళ్ల మీద ఉంది, ప్యానెల్ అంటే బెదురు లేదు. బ్యాటరీకి దగ్గరి బల్బే ఎక్కువ వెలుగుతుందని తరగతి మొత్తం నమ్ముతుందని మాత్రం వాళ్లకింకా తెలియదు. అది తెలిసినవాళ్లు ఇరవై ఏళ్ల సర్వీసు వాళ్లు, వాళ్లకేమో స్క్రీన్ రికార్డింగ్ ఎక్కడ నొక్కాలో తెలియదు. ఈ ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెడితే అయ్యే పనికి విజయవాడ నుంచి రిసోర్స్ పర్సన్ ఎందుకు?

టీచరుకు ఏడాదికి 50 గంటల వృత్తిపర శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. ఆ గంటలన్నీ ఆన్‌లైన్ కోర్సుల కింద జమ చేసుకోవడం మానేసి, సగం క్లస్టర్ కాంప్లెక్స్ సమావేశాలకు, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే సమావేశాలకు ఇవ్వాలి. ఇప్పుడు ఆ సమావేశాలంటే పై నుంచి వచ్చిన పీపీటీ చదవడం, టీ తాగడం, సంతకం పెట్టడం. దాని బదులు ఒక సీనియర్, ఒక కొత్త టీచరు కలిసి తయారు చేసిన ఒక్క పాఠాన్ని అందరి ముందూ నిజం పిల్లలకు చెప్పాలి, మిగతావాళ్లు తిట్టాలి, మెచ్చుకోవాలి, ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని పోవాలి. బి.తాండ్రపాడు, బుక్కపట్నం, రాయచోటి డైట్‌లకు (టీచరు శిక్షణ సంస్థలకు) పని ఏమిటని ఎవరైనా అడిగితే, ఆ పాఠాలను సేకరించి, తప్పులు దిద్ది, సీమ బడులన్నిటికీ పంచడమే. కన్నడం కలిసిన తరగతికి ఒకటి, సుగ్గికి పోయిన పిల్లలకు ఒకటి. దీనికి కొత్త యాప్ అక్కర్లేదు, టెండరూ అక్కర్లేదు. బహుశా ఇంకా మొదలుకాకపోవడానికి కారణం అదేనేమో.