2048 పదాల జాబితా గారికి విన్నపం

మహారాజశ్రీ బిప్-39 పదాల జాబితా గారి సముఖమునకు,

హనుమకొండ నుంచి దండాలు. 2013ల పుట్టి, ఇంత చిన్న వయసులనే ఎంతమంది బిట్‌కాయిన్లవో తాళాల గుత్తి నడుముకు చెక్కుకొని తిరుగుతున్రు. 'అబాండన్' అని మొదలువెట్టి 'జూ' అని ముగించే మీ కుటుంబం నుంచి పన్నెండు మాటలు, బిట్‌కాయిన్లు దాచే వాలెట్ యాప్ ఏరి ఇస్తే, ఆ వాలెట్‌కు తాళంచెవిగా మా మేనమామ ఇంటికొచ్చినయి.

"కాయితం మీద రాసుకోండి, ఫొటో తియ్యొద్దు, ఎవరికీ చూపొద్దు" అన్నది యాప్. మామ మాట తప్పని మనిషి. ఫొటో తియ్యలే. చౌరస్తాల జిరాక్స్ షాపుకు పోయి లామినేషన్ చేయించిండు. "పిల్లల స్పెల్లింగులా మామా? ఇంకో రెండు కాపీలు తియ్యాల్నా?" అన్నడట షాపు పిలగాడు. తియ్యమన్నడు. ఒకటి బీరువాల, ఒకటి బియ్యం డబ్బాల. మూడోది మిషన్ మీదనే ఉండిపోయింది.

ఇండ్ల మీ తప్పు లేదు లెండి. మీరు మాటల వేషం కట్టిన అంకెలు. ఒక్కో మాట 11 బిట్లు (సున్నా-ఒకటి అంకెలు), పన్నెండింటికి 132. అండ్ల 128 ఉత్త అదృష్టం, మిగిలిన నాలుగు తప్పు పట్టే కాపలా. మామ ముందుగాల తనకు నచ్చిన మాటలే ఏరి పెట్టిండు. అట్ల పెడితే పదహారింట ఒక్కసారే లెక్క కుదురుతది. కుదరలే, గడప కాడనే ఆపిన్రు. మంచి పని చేసిన్రు. సొంతంగ పెట్టుకోమంటే మా ఓరుగల్లోళ్లు ఏం పెడ్తరో నాకు తెలుసు: సగం మంది భద్రకాళమ్మను తలుస్తరు, సగం మంది బిడ్డ పేరు, పుట్టిన సాలు. అట్లాంటి వాక్యాన్ని షా-256 అనే గజిబిజి లెక్కల ఒక్కసారి ముంచి తాళంచెవి అనుకున్న బ్రెయిన్ వాలెట్లోళ్ల గతి చూసినం కదా! పాటలు, సామెతలు, మంత్రాలు అన్నీ దొంగల మిషన్లు ముందే వల్లెవేసుకొని కూసుంటయి. పైసలు పడుడే ఆలస్యం.

మీకంటే ముందు 1995ల ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే పెద్దమనిషి డైస్‌వేర్ పెట్టిండు. పాచికలు ఐదుసార్లు వేస్తే 7776 మాటలల్ల ఒకటి వస్తది. మనిషిని నమ్మకు, పాచికను నమ్ము అన్నడన్నట్టు. మీరూ అదే నమ్మిన్రు. నమ్మి, వెనక దర్వాజ తెరిచిపెట్టిన్రు.

అదే, ఇరవై నాలుగు మాటలున్నోళ్లకు ఇరవై ఐదో మాట. మావోడికైతే పదమూడోది. ఇష్టమున్న పాస్‌ఫ్రేజ్, అంటే సొంతంగ అనుకున్న రహస్య మాట, కలుపుకోమంటరు. ఆ మాటను, పన్నెండింటిని కలిపి 2048 సార్లు రుబ్బి 512 బిట్ల సీడ్, అంటే తాళాలన్నిటికీ మూలం, తీస్తరు. ఇయ్యాల్టి దినాల పాస్‌వర్డులు దాచే సాఫ్ట్‌వేర్లు, దొంగ ఊహలు నెమ్మదించాలని, లక్షల సార్లు రుబ్బుతున్నయి. పన్నెండు మాటలు దొంగ చేతికి చిక్కినంక మిగిలేది ఆ ఒక్క మాటే. అది మామ ఇలవేల్పు పేరైతే మీ రుబ్బుడు ఎంతసేపు ఆపుతది?

దొంగ సంగతి అట్లుంచున్రి, మామనే లోపలికి పోలేకపోతున్నడు. ఆ పాస్‌ఫ్రేజ్‌ల పెద్దక్షరం పెట్టిండో, నడుమ ఖాళీ వదిలిండో యాదికి లేదు. బ్యాంకు క్లర్కయితే సంతకం కలుస్తలేదని మొఖం మీదనే అంటడు. మీరు ఏది కొట్టినా తప్పనరు, రమ్మని కొత్త వాలెట్ తెరుస్తరు. అన్నీ అసలైనయే, అన్నిట్ల సున్నా.

దొంగ మెడ మీద కత్తి పెడితే ఆ ఉత్త వాలెట్ చూపి బతికిపోవచ్చని మీ తరఫువాళ్లు అంటరు. నిజమే కావచ్చు. మామ దగ్గరికి దొంగ ఇంకా రాలే. అత్త మాత్రం రోజూ అడుగుతున్నది.

ఇట్లు,
మామకు పాస్‌ఫ్రేజ్ పెట్టుకొమ్మని సలహా ఇచ్చినోళ్లెవరో ఇంట్ల చెప్పని అల్లుడు