మైకు కట్టేసి బంతివ్వండి

మ్యాచ్ ముందు గట్టిగా ఒక స్పీచ్ ఇస్తే చిన్న టీం పెద్ద టీంని కొట్టేస్తుందా? ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి వైపు ఈ చర్చ ఏటా జనవరిలో వస్తుంది, కోతలైపోయి పొలాలు ఖాళీ అయ్యాక ఊరూరా ఫుట్‌బాల్ టోర్నమెంట్లు మొదలవుతాయి కదా, అప్పుడు. ఓడిపోయిన టీం గురించి టీ కొట్టు దగ్గర వినపడే మాట ఒకటే, "గుంటలకి మోటివేషన్ లేదు బావూ, ఎవరైనా నాలుగు మాటలు గట్టిగా చెప్పుంటే కొట్టేద్దురు". ఈ మాట చిన్నప్పట్నుంచీ వింటున్నా, ఇప్పుడైతే రీల్స్ పుణ్యమా అని ఇంకా ఎక్కువైంది, కోచ్ అరుస్తుంటాడు, వెనకాల మ్యూజిక్, కుర్రాళ్లు తలుపులు గుద్దుకుంటూ బయటికొస్తారు, కింద లక్షల్లో లైకులు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఆ స్పీచ్ వల్ల బలహీనమైన టీంకి ఒరిగేదేమీ లేదు, చాలాసార్లు నష్టమే, అన్నిటికన్నా పెద్ద నష్టం ఏంటంటే ఆ టీంకి నిజంగా ఇవ్వాల్సింది ఇవ్వనివాళ్లు దాని వెనక దాక్కుంటున్నారు.

అందరూ చూపించే సాక్ష్యం 2022 వరల్డ్ కప్‌లో సౌదీ అరేబియా. నవంబర్ 22న హాఫ్ టైంకి అర్జెంటీనా 1-0తో ముందుంది, డ్రెస్సింగ్ రూంలో కోచ్ హెర్వే రెనార్ ఊగిపోయాడు, బయటికొచ్చాక 48వ నిమిషంలో అల్ షెహ్రీ, 53వ నిమిషంలో అల్ దౌసరీ గోల్స్ కొట్టారు, సౌదీ 2-1తో గెలిచింది, అంతే. ఆ వీడియో చూడనివాళ్లు తక్కువ. కానీ మాటలు విన్నవాళ్లు ఇంకా తక్కువ అని నా అనుమానం. ఇది వరల్డ్ కప్పురా, మొత్తం పెట్టండి అని ఆయన అన్నమాట నిజమే, కాదనను, కానీ ఆ కోపమంతా దేనిమీద? మెస్సీ గ్రౌండ్ మధ్యలో బంతి పట్టుకుని ఉంటే మీరు దూరంగా నిలబడి చూస్తున్నారేంటి, ఫోన్ తెచ్చుకుని ఫొటో దిగుతారా అని. అంటే దగ్గరికెళ్లి మార్క్ చెయ్యండి, పక్కనే అంటుకుని ఉండండి అని. అది పని చెప్పడం. పైగా ఆ అరుపులకి ముందే, ఫస్ట్ హాఫ్‌లోనే, అర్జెంటీనా వేసిన మూడు గోల్స్ ఆఫ్‌సైడ్ (బంతి ఇచ్చే క్షణానికే అవతలి డిఫెండర్లని దాటి ఉండటం) అని కొట్టేశారు, ఎందుకంటే సౌదీ డిఫెన్స్ లైన్ అంత ముందుకొచ్చి ఒక్క తాటి మీద నిలబడింది, ఆ ధైర్యం ఆ అలవాటు నెలల ప్రాక్టీస్‌లో వచ్చినవి, పదిహేను నిమిషాల బ్రేక్‌లో రావు. తర్వాత ఏమైందో కూడా చూడండి, అదే కోచ్, అదే గొంతు, పోలాండ్ మీద 0-2, మెక్సికో మీద 1-2, గ్రూపులో ఆఖరు స్థానం. ఆ రెండు మ్యాచ్‌లకి ముందు ఆయన మౌనవ్రతం పట్టాడా ఏంటి?

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. స్పీచ్ లేని డ్రెస్సింగ్ రూం ప్రపంచంలో ఎక్కడా ఉండదు, ఐదు గోల్స్ తిని ఇంటికెళ్లిన టీంకి కూడా ఎవరో ఒకరు గొంతు చించుకునే ఉంటారు, ఆ వీడియో ఎవరూ పెట్టరు. గెలిచినవాళ్ల స్పీచ్‌లు మాత్రమే మనదాకా వస్తాయి కాబట్టి స్పీచ్ వల్లే గెలిచారని మనం కథ అల్లుకుంటాం. దానికి తోడు ఫుట్‌బాల్ అసలే గోల్స్ తక్కువ పడే ఆట, అదే 2022 వరల్డ్ కప్‌లో 64 మ్యాచ్‌లకి 172 గోల్స్, అంటే మ్యాచ్‌కి మూడు కూడా లేవు. ఇంత తక్కువ గోల్స్ ఉన్నచోట బంతి ఎవడికో తగిలి దారి మారడం, ఒక పెనాల్టీ, ఒక గోల్‌కీపర్ చెయ్యి జారడం, ఇవి చాలు చిన్న టీం గెలవడానికి. బాస్కెట్‌బాల్‌లో అయితే పాయింట్లు బోలెడు పడతాయి, చిన్న టీంకి ఈ వెసులుబాటు అంతగా ఉండదు.

ఇక అప్పటి ఇండియా ఫుట్‌బాల్ కోచ్, మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం గారి సంగతి. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్ ముందు రోజు, క్యాన్సర్‌తో ఉన్న మనిషి, కుర్రాళ్లని కూర్చోబెట్టి నాకొక బహుమతి కావాలి, గోల్డ్ మెడల్ కావాలి అన్నారని అందరూ చెప్తారు. చెప్పినప్పుడల్లా నాకూ ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ ఒక్క మాటే కథంతా అంటే మాత్రం ఆయనకి అన్యాయం చేసినట్టే. అదే టోర్నమెంట్‌లో గ్రూప్ మ్యాచ్‌లో దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. తర్వాత ఆయనేం చేశారు? తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని తీసుకెళ్లి ఫార్వర్డ్‌గా ఆడించారు, అతను కాలేజీ రోజుల్లో ముందు ఆడినవాడే అని ఆయనకి గుర్తుంది. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ కొట్టాడు, సెప్టెంబర్ 4న ఫైనల్‌లో మళ్లీ అదే కొరియా మీద పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఇంకోటి, రెండూ మొదటి 20 నిమిషాల్లోనే, చివరికి 2-1. స్టేడియం మొత్తం మనకి వ్యతిరేకంగా అరుస్తుంటే కూడా. ఈ మనిషి స్కూలు మాస్టారుగా పనిచేసి కోచ్ అయినవాడు, అలవాటు లేని కాలితోనే ఆడాలని కుర్రాళ్లకి పోటీలు పెట్టేవాడు. ఇన్నేళ్ల చాకిరీ అయ్యాక అడిగిన బహుమతి అది. చాకిరీ తీసేసి బహుమతి ఒక్కటే అడిగితే ఏ కుర్రాడు తెచ్చివ్వగలడు?

1950 వరల్డ్ కప్ ఆఖరి మ్యాచ్‌లో బ్రెజిల్‌ని వాళ్ల మారకానా స్టేడియంలోనే ఉరుగ్వే ఓడించిన కథ కూడా ఇలాగే సగం సగం చెప్తారు. ఉరుగ్వే కెప్టెన్ ఒబ్దులియో వరేలా ఏదో మంత్రం వేసినట్టు. ఆయన చెప్పింది ఏంటి, కోచ్ డిఫెన్స్ ఆడమన్నాడు గానీ అలా ఆడితే స్వీడన్‌కీ స్పెయిన్‌కీ పట్టిన గతే మనకీ పడుతుంది అని. బ్రెజిల్ అప్పటికి స్వీడన్‌కి 7, స్పెయిన్‌కి 6 కొట్టి ఉంది. అంటే ప్లాన్ మార్చాడు. తర్వాత బ్రెజిల్ మొదటి గోల్ కొట్టగానే బంతి చంకలో పెట్టుకుని రిఫరీతో ఆఫ్‌సైడ్ అంటూ వాదించి వాదించి అంత పెద్ద జనాన్ని చల్లబరిచాడు. నా దృష్టిలో మ్యాచ్ తిప్పింది ఆ వాదనే.

స్పీచ్ పనిచేస్తుందనేవాళ్ల దగ్గర కూడా ఆధారం లేకపోలేదు. అమెరికాలో సాకర్ ప్లేయర్ల మీద 2006లో వచ్చిన ఒక స్టడీలో ఎమోషనల్ స్పీచ్ విన్నవాళ్లు తమ టీం ఎక్కువ తేడాతో గెలుస్తుందని నమ్మారు, తమకంటే బలమైన టీంతో ఆడేటప్పుడు ఎమోషన్ ఎక్కువ కావాలని ప్లేయర్లే చెప్పిన స్టడీ కూడా ఉంది. సరే. కానీ అక్కడ కొలిచింది నమ్మకాన్ని, గోల్స్‌ని కాదు. ఆ నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందనే దాని మీద పేరున్న సైకాలజిస్ట్ ఆల్బర్ట్ బండూరా 1977లోనే చెప్పాడు, తాను స్వయంగా చేసి సాధించిన అనుభవం అన్నిటికన్నా బలమైనది, పక్కవాడు నువ్వు చెయ్యగలవు అని చెప్పే మాట దానికంటే చాలా బలహీనం, మొదటి దెబ్బకే ఎగిరిపోతుంది. మొదటి గోల్ పడ్డాక మన కుర్రాళ్ల మొహాలు చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

నష్టం అన్నాను కదా, అది నేను ఆడి చూసిందే. స్కూల్ టీంలో రైట్ బ్యాక్, అంటే కుడివైపు డిఫెండర్‌గా ఆడేవాణ్ణి, ఒక ఫైనల్‌కి మాకంటే చాలా పెద్ద టీం వచ్చింది, మ్యాచ్ ముందు ఒక పెద్దాయన మమ్మల్ని ఎండలో వరసగా నిలబెట్టి మన ఊరి పరువు మన రక్తం అని అరగంట చెప్పాడు. మేం పూనకం వచ్చినట్టు దిగాం. మొదటి పది నిమిషాలు పదకొండు మందీ బంతి వెనకే పరుగు, నా ప్లేస్ వదిలేసి నేను కూడా సగం గ్రౌండ్ దాటి వెళ్లిపోయా, వాళ్లు ఒక్క లాంగ్ పాస్ ఇచ్చేవాళ్లు, వెనక ఎవడూ లేడు. 4-0. బలహీనమైన టీంకి ఉన్న ఒకే ఒక్క ఆయుధం ఓపిక, ఎవడి చోట వాడు ఉండటం, ఆ ఓపికనే స్పీచ్ ముందుగా తగలబెట్టేస్తుంది. యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు 1908లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో కూడా తేలింది ఇదే, పని ఎంత కష్టమైతే రెచ్చగొట్టడం అంత తక్కువ ఉండాలి, శృతి మించితే పని చెడుతుంది. చిన్న టీం చెయ్యాల్సింది కష్టమైన పనే కదా మరి.

2004లో యూరో, అంటే యూరప్ దేశాల ఫుట్‌బాల్ కప్, గెలిచిన గ్రీస్‌ని చూడండి. కోచ్ ఓటో రెహాగెల్ జర్మన్, ఆయన మాటల్ని అసిస్టెంట్ తోపాలిదిస్ గ్రీకులోకి మార్చి చెప్పేవాడు. ఎంత ఉరిమినా ఉరుము తర్జుమాలో సగం చచ్చిపోతుంది, కానీ "నువ్వు ఇతన్ని వదలకు, నువ్వు ఆ కార్నర్‌కి లోపలికి రా" అనే మాట ఏ భాషలోకైనా చెక్కుచెదరకుండా వెళ్తుంది. ఫ్రాన్స్ మీద 1-0, చెక్ మీద 1-0, ఫైనల్‌లో సొంతగడ్డ మీద ఆడుతున్న పోర్చుగల్ మీద 1-0. నాకౌట్‌లో ఒక్క గోల్ తినలేదు.

ఈ భాష సంగతే నన్ను ఎక్కువ కుదిపేది. మహేంద్రగిరి కొండ కింద ఊళ్ల నుంచి వచ్చే సవర గిరిజన కుర్రాళ్లకి ఇంట్లో సవర, సంతలో తెలుగు, స్కూల్లో ఒడియా. చాలామంది చెప్పుల్లేకుండానే ఆడతారు, కొండెక్కి దిగిన కాళ్లు, దమ్ము వాళ్ల ఊపిరితిత్తుల్లోనే ఉంటుంది. రెండేళ్ల క్రితం అలాంటి ఒక టీం టౌన్ టీంతో ఆడుతుంటే చూడటానికి వెళ్లా. చీఫ్ గెస్ట్ గంటన్నర లేటు, వచ్చి ఇంగ్లిష్ కలిపిన ఒడియాలో కలలు కనండి, పోరాడండి, మీలో సింహం ఉంది అని చెప్తూనే ఉన్నాడు, ఆ పిల్లలు ఎండలో నిలబడి మొహమొహాలు చూసుకుంటున్నారు. మంచినీళ్లు ఇచ్చినవాడు లేడు. పొద్దు పోతోందని మ్యాచ్‌ని సగానికి సగం కోసేశారు. అయితే ఆ టీంని తెచ్చినాయన, బళ్లు రిపేరు చేసుకునే మనిషి, ఆ గోలంతా అయ్యాక లెఫ్ట్ బ్యాక్ ఆడే కుర్రాణ్ణి పక్కకి పిలిచి సవరలో ఏదో చెప్పాడు, నాలుగు ముక్కలే. ఏం చెప్పావు బావా అని అడిగా. "ఆ తొమ్మిదో నెంబరోడు ఎడం కాలితోనే కొడతన్నాడు, నువ్వు ఆ పక్కే నిలబడు, కుడిపక్క ఒగ్గీ, లోపలికి మాత్రం రానీకు అన్నాను" అన్నాడు. మ్యాచ్ అయ్యేదాకా ఆ తొమ్మిదో నెంబరోడు గోల్ వైపు తిరిగి బంతి కొట్టలేకపోయాడు. వాళ్లు ఓడిపోయారు, ఆఖర్లో కార్నర్ నుంచి ఒక గోల్ పడింది, 0-1. అంతకు ముందు ఏడాది ఇదే టౌన్ టీం మీద ఐదు తిన్నారు.

గిడుగు రామమూర్తి గారు తిరిగిన నేల ఇది. 1880లో పర్లాకిమిడి స్కూల్లో మాస్టారుగా చేరిన మనిషి, సవర పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, వాళ్లకి బడులు పెట్టి, పుస్తకాలు రాసి, వ్యాకరణం రాసి, నిఘంటువు కూర్చి అంత చేశాడు. తెలుగు పిల్లలకి కూడా అర్థంకాని గ్రాంథికం వద్దు, మాట్లాడే భాషలో చెప్పండని జీవితమంతా పోట్లాడాడు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక ఈ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయాడు. వినేవాడికి అర్థమైతేనే అది మాట అన్న ఆయన పోరాటం బళ్లోనే ఆగిపోయింది, గ్రౌండ్ దాకా రాలేదు అనిపిస్తుంది నాకు. ఆయన పుట్టింది ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. ధ్యాన్‌చంద్ పుట్టింది కూడా ఆగస్టు 29, జాతీయ క్రీడా దినోత్సవం. రెండూ ఒకే రోజు, ఆ రోజు మనం చేసేది ఏంటి, మైకు, దండలు, శాలువాలు, ఉపన్యాసాలు. ఆటల రోజున పిల్లలు ఆడకుండా కూర్చుని వింటారు.

2022 అక్టోబర్‌లో భువనేశ్వర్ కళింగ స్టేడియంలో మన అండర్-17 అమ్మాయిలు వరల్డ్ కప్ ఆడారు. అమెరికా మీద 0-8, మొరాకో మీద 0-3, బ్రెజిల్ మీద 0-5. ఆ అమ్మాయిలకి ఉత్సాహం చెప్పేవాళ్లు తక్కువయ్యారా? దేశమంతా చెప్పింది. పేదిళ్ల నుంచి అక్కడిదాకా వచ్చిన పిల్లలకి ఇంకొకళ్లు పట్టుదల నేర్పాలా అసలు? వాళ్లకి తక్కువైంది చిన్నప్పట్నుంచీ ఆడాల్సిన మ్యాచ్‌లు, ఏడాది పొడవునా లీగులు, తిండి, కోచ్‌లు. అవి ఇవ్వడం మన బాధ్యత కాబట్టే మనకి స్పీచ్ అంత ఇష్టం, స్పీచ్ ఇచ్చాక కూడా ఓడిపోతే తప్పు పిల్లల మీదకి పోతుంది, పట్టుదల లేదు అనేయొచ్చు. పరీక్ష తప్పినోడిని, ఉద్యోగం రానోడిని కూడా ఇలాగే అంటున్నాం, ప్రతి స్కూలుకీ ఒక మోటివేషన్ స్పీకర్‌ని పిలుస్తున్నాం, లెక్కల మాస్టారు లేని స్కూలుకి కూడా.

మొన్న ఆ బళ్ల రిపేరు ఆయన్ని కలిశా. ఈసారి ఏం కావాలి బావా అంటే రెండు బంతులు, ఒక పంపు, ఒక విజిల్ అన్నాడు, గోల్ పోస్టులకి వెదుర్లు వాళ్లే కోసుకుంటారట. టోర్నమెంట్ కమిటీల వాళ్లని అడుగుతున్నా, ఈ ఏడాది శాలువాలు మానేసి అవి కొనండి, జనవరిలో స్టేజీ మీద కాదు, దసరాకే పట్టుకెళ్లి ఇచ్చేయండి, పండగ నుంచి టోర్నమెంట్ దాకా మూడు నెలలు ఆడుకుంటారు.