ఫొటో తీస్తే శాసనం చదివినట్టేనా?

నెల్లూరు, ఒంగోలు గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. మన జిల్లాల శాసనాలు, తాళపత్రాలు అన్నీ కంప్యూటర్‌కు ఎక్కిపోయాయట. ఫోనుతో ఫొటో తీస్తే చాలు, కృత్రిమ మేధ చదివిపెడుతుందట. తిక్కన అసలు పాఠాన్ని కూడా అదే తేల్చేస్తుంది కాబట్టి ఇక పండితులతోనూ రాళ్ళతోనూ పని లేదట. చివర "అందరికీ పంపండి" అనే ఆదేశం మామూలే.

"అన్నీ ఎక్కిపోయాయి" అన్నదానికి జవాబు చిన్నదే. కోటికి పైగా రాతప్రతులను సర్వే చేసి పదిలపరచాలన్న జ్ఞాన భారతం పథకాన్ని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. అయిపోయిన పెళ్ళికి ఎవరూ మేళం కట్టరు కదా! మన జిల్లాల సంగతికొస్తే, నెట్‌లో కనిపించేది 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అచ్చువేయించిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు సంపుటాల స్కాను. కందుకూరు, కనిగిరి, పొదిలి శాసనాలూ అందులోవే. అప్పటికి అవి నెల్లూరు జిల్లావే, ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. ఆ స్కాను పుస్తకం పేజీల బొమ్మ. రాయి బొమ్మ వేరు, సరిచూసిన పాఠం వేరు. ఈ మూడూ ఒకటేననుకోవడం దగ్గరే సందేశం రాసినవారు బోల్తాపడ్డారు.

ఇక ఫోను. మిట్టమధ్యాహ్నం అరిగిన శాసనానికి ఫొటో తీయండి, అక్షరాలు రాతిలో కలిసిపోతాయి. వెలుతురు ఏటవాలుగా పడితేనే గీతకు నీడ వస్తుంది. శాసనశాఖవారు రాయి కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేలా బ్రష్‌తో మొత్తి, పైన సిరా అద్ది నకలు తీసేది అందుకే. సరే, ఫొటో చక్కగానే వచ్చిందనుకుందాం. పాత రాతలో ఎ-ఏ, ఒ-ఓ తేడా చూపేవారు కాదు. 'నెల' అని కనిపిస్తే అది నెలా, నేలా? పద్యమైతే ఫరవాలేదు. నెలలో రెండూ లఘువులు, నేలలో మొదటిది గురువు. గణం చెడితే కంప్యూటరే పట్టేస్తుంది. యతిప్రాసలు, గణాలు చూసి తప్పు పాఠాన్ని ఎత్తిచూపడంలో దానికి దండం పెట్టాల్సిందే. 848 నాటిదని చెప్పే సేనాని పండరంగని అద్దంకి శాసనంలో ఉన్నది తరువోజ పద్యం గనుక అక్కడ ఆ సాయం అందుతుంది. కానీ దానశాసనాల్లో పొలం హద్దులు చెప్పే వచనానికి ఛందస్సు అండ ఎక్కడిది? చెరువు ఏ దిక్కున ఉందో, డొంక ఎటు పోతుందో తెలిసినవారు చదవాలి.

పైగా పండరంగని కాలపు తెలుగులో ఉన్న ఴ అక్షరానికి, కంప్యూటర్లు వాడే అక్షరాల పట్టిక యూనికోడ్‌లో చోటు దక్కిందే 2014లో. అంతకుముందు యూనికోడ్‌లో టైపు చేసిన పాఠాల్లో ఆ చోట మరో అక్షరమో, ఏదో ఒక గుర్తో పెట్టక తప్పేది కాదు. వాటితో నేర్చుకున్న యంత్రానికి ఆ అక్షరం ఎలా తెలుస్తుంది? నెల్లూరు సీమలో తెలుగు చోడుల కాలపు శాసనాలెన్నో తమిళంలో ఉన్నాయి. సందేశంలో వాటి ఊసే లేదు.

తిక్కన స్వయంగా రాసిన ఆకు ఒక్కటీ మనకు దక్కలేదు. 13వ శతాబ్ది కవి ఆయన. మన చేతికందినవి తరతరాల లేఖకులు ఒకరిని చూసి ఒకరు రాసుకున్న ప్రతులు. విరాటపర్వం మొదలు 15 పర్వాల ప్రతులనూ ఎవరైనా టైపు చేసిపెడితే, తేడాల జాబితాను కంప్యూటర్ క్షణాల్లో కట్టిస్తుంది. అది చిన్న మేలేమీ కాదు. అయితే పది ప్రతుల్లో ఒకే పాఠం ఉన్నంత మాత్రాన అది కవి మాట అయిపోదు. ఆ పదీ ఒకే తప్పు ప్రతికి నకళ్ళు కావచ్చు. ఏది లేఖకుని పొరపాటో, ఏది తిక్కన నుడికారమో తేల్చేది ఆయన పద్యాల్లో మునిగితేలినవారే.

"రాళ్ళతో పని లేదు" అన్నది మాత్రం నవ్వి వదిలేసే మాట కాదు. పాత ముద్రణలో చదవలేక చుక్కలు పెట్టి వదిలిన చోట, రకరకాల కోణాల్లో వెలుతురు వేసి తీసిన ఫొటోలను కలిపి చూస్తే ఈరోజు ఇంకో నాలుగు అక్షరాలు తేలవచ్చు. అందుకు రాయి మిగలాలి. జీర్ణోద్ధరణ పేరిట అక్షరాల మీద రంగు పూసేవారికి "అంతా కంప్యూటర్‌లో ఉందిగా" అన్న సాకు మనమే అందించడం ఎందుకు? మీ ఊరి గుడికి రంగులు వేయిస్తున్నారని తెలిస్తే, ఈ సందేశానికి బదులు అక్షరాలున్న రాళ్ళు ఏ గోడలో ఎక్కడున్నాయో రాసి కమిటీవారికి పంపండి.